కాకా చూడని ఆఖరి రీలు

మొన్న వేసవి సెలవుల్లో మా సంఘం పిల్లలకి ప్రార్థన మందిరంలో పాత సినిమా ఒకటి వేశాం. ప్రభువు జీవితం మీద తీసిన సినిమా. నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో రేకుల షెడ్డు మా మందిరం. కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు తెల్లబట్ట వేలాడదీసి, మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేసుకున్నాం. ఏ కాలపు ప్రింటు నుంచి తీసిన కాపీయో, బొమ్మ మీద నిలువు గీతలు వానలా పడుతున్నాయి. కాసేపటికి తెర మీద కుడివైపు పై మూలలో చిన్న నల్లచుక్క ఒకటి కనిపించి మాయమైంది.

నా కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఎడమకాలు నేలను నొక్కింది.

పక్కన కూర్చున్న పాప నా వైపు చూసి, "ఏమైంది సార్, దోమ కుట్టిందా?" అంది.

"లేదమ్మా, సినిమా చూడు" అన్నాను.

అంతకంటే ఏం చెప్పను? ఆ కదలిక నాది కాదు. కాకాది. ఆయన పోయి ఆరేళ్లు దాటింది. ఆయన చెయ్యి నా ఒంట్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా భువనగిరి దగ్గర ఉండే ఆయన అన్నకొడుకుకి తప్ప ఎవరికీ తెలియదు. వీధిలో అందరికీ ఆయన కాకానే. మేము నాచారం నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఒక సందులో అద్దెకు దిగినప్పుడు ఆయనది ఎదురు గది. మాది కృష్ణా జిల్లా. ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అలవాటు కొద్దీ మొదటిరోజు "బాబాయ్‌గారూ, మంచినీళ్లు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగాను.

"బాబాయ్ ఏంది సారూ, నేనేమన్న మీ గుంటూరోన్నా? కాకా అను."

"మాది గుంటూరు కాదండీ, కృష్ణా."

"నాకు వాగు దాటినంక అన్నీ గుంటూరే" అని బిందె పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ గదికి తలుపు ఉండేది గానీ గడియ పెట్టేవాడు కాదు. పగలు, రాత్రి, ఊరెళ్లినా అంతే. తలుపు దగ్గరగా వేసి వెళ్లేవాడు. కుక్కలు తోసుకుని లోపలికి వెళ్లి పడుకునేవి. ఒకసారి ఆయన గ్లాసులూ స్టవ్వూ ఎవరో ఎత్తుకుపోయారు. నేను తాళంకప్ప కొని తెచ్చి ఇచ్చాను. దాన్ని తిప్పి తిప్పి చూసి, "మంచిగున్నది" అని కిటికీలో పెట్టాడు. ఆయన పోయేదాకా అది కిటికీలోనే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతూ.

ఇంకో వింత, ఆయన టీవీ చూసే పద్ధతి. ముందు గదిలో టీవీ, దాని ఎదురుగా ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఆయన కూర్చోగా నేను ఒక్కసారీ చూడలేదు. వంటగదికీ ముందు గదికీ మధ్య గోడలో గిన్నెలు అందించుకునే చిన్న కంత ఉండేది. వంటగదిలో నిలబడి, ఆ కంతలోంచి ఒక కన్నుతో చూసేవాడు. ఇదేంటని అడిగితే, "సీట్ల గూసుంటే నాకు బొమ్మ కనవడదు సారూ. అలవాటు లేదు" అన్నాడు.

కాకా సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు సినిమాలు మాత్రమే ఆడే ఒక టాకీసులో ఆపరేటరు. పద్దెనిమిదేళ్లప్పుడు అసిస్టెంటుగా చేరి, ఆ టాకీసు మూసి దుకాణాల సముదాయం కట్టేదాకా అక్కడే పనిచేశాడు. ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వచ్చినా లాభం లేదు, మిషన్ల హోరులో మాటలు వినపడవు. కాబట్టి అన్ని సినిమాలకూ మాటలు ఆయనే రాసుకున్నాడు. అరవైల చివర్లో వచ్చిన రాకెట్టు సినిమాలన్నా దయ్యాల సినిమాలన్నా ప్రాణం. ఆ మూడు నాలుగేళ్లలో వచ్చినంత మంచి దయ్యాలు మళ్లీ రాలేదనేవాడు. ఉప్పల్ చౌరస్తాలో బండి మీద సీడీలు అమ్మే కుర్రవాడి దగ్గర అవన్నీ ఒక్కొక్కటే ఏరి తెచ్చుకుని మళ్లీ చూసేవాడు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నేను విశ్వాసిని. ఎదుటి మనిషిని వాక్యం దగ్గరికి పిలవకుండా ఉండలేను. "కాకా, ఒక్క ఆదివారం మా ఆరాధనకి రండి" అన్నాను.

"వస్త. మల్ల మధ్యానం నువ్వు నా ఆరాధనకు రావాలె. వచ్చి ఆ తెల్లోళ్లు ఏమంటున్నరో చెప్పాలె. ముప్పై ఐదేండ్లయె, అసలు ఏం మాట్లాడుకున్నరో తెల్వకపాయె."

దయ్యాల సినిమాలు చూడటం మా సంఘంలో తప్పు. అయినా ఒక ఆత్మను రక్షించడం కోసం అని నాకు నేను చెప్పుకుని ఒప్పుకున్నాను. ఆయన మాట తప్పలేదు. ప్రతి ఆదివారం వచ్చి మందిరంలో వెనక, తలుపు పక్కన నిలబడేవాడు. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన కళ్లు తెరిచే ఉండేవి. ప్రసంగం సాగుతుంటే పాస్టర్‌గారి తల వెనక కుడి మూలకే చూసేవాడు. ఒకరోజు బయటికొచ్చాక, "మీ అయ్యగారు మంచిగ చెప్తడు గానీ చుక్క వడ్డా రీలు మార్చడు సారూ. తెగుతది ఎప్పుడో" అన్నాడు.

ఆ చుక్క సంగతి అప్పుడే చెప్పాడు. సినిమా చాలా రీళ్లుగా వస్తుంది. రెండు మిషన్లు. ఒకదానిమీద రీలు అయిపోవచ్చేసరికి తెర మూలలో చుక్క పడుతుంది. అది రెండో మిషను తిప్పమని గుర్తు. చెయ్యి పైకెత్తి ఒక పిడి లాగాలి, కాలితో ఒకటి నొక్కాలి. చూసే జనానికి ఆ చుక్క కనిపించదు. "మీకు కథ కనవడ్తది. మాకు చుక్క కనవడ్తది" అనేవాడు. టీవీలో ఆ పాత సినిమాలు చూస్తున్నప్పుడు చుక్క పడితే చాలు, కంత వెనక ఆయన చెయ్యి లేచేది, కాలు నొక్కేది. వంటగదిలో కాలికింద ఏదైనా గిన్నె ఉంటే మోగేది.

ఆ ఆదివారం మధ్యాహ్నాలు ఎలా గడిచేవంటే, రబ్బరు తొడుగుల రాక్షసులు, దారాలకు వేలాడే రాకెట్లు, సమాధుల మీద పొగ. నేను కుర్చీలో కూర్చుని మాటలు తెలుగులో చెప్పేవాణ్ణి. కంతలోంచి ఆయన వాదించేవాడు.

"కెప్టెన్ ఏమంటున్నాడంటే, మనం దారి తప్పాం, ఎవరూ మనల్ని వినడం లేదు అంటున్నాడు."

"గట్ల కాదు. మల్లయ్యా, జర నీళ్లు తే అంటడు."

"నీళ్ల మాటే లేదు కాకా."

"నాకు తెల్వదా? వందసార్లు నడిపిన."

మొదట్లో ఆ సినిమాలు నాకు ఎబ్బెట్టుగా ఉండేవి. చూడగా చూడగా ఒక సంగతి తోచింది. వాటిలో దేవుడు లేడు. కానీ దేవుడు లేకపోతే మనిషికి ఎంత భయమో, ఎంత ఒంటరితనమో అంతా ఉంది. అంత చీకట్లో ఒక చిన్న డబ్బాలో కూర్చుని "ఎవరైనా ఉన్నారా" అని పిలిచేవాడి గొంతు, కష్టకాలంలో కీర్తనకారుడు పిలిచే గొంతులాగే ఉంటుంది. ఇది సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

ఎన్ని సినిమాలు చూసినా ఆయన వెతికేది ఒక్కటే. దాని ఇంగ్లీషు పేరు ఆయనకి తెలియదు. టాకీసు వాళ్లు గోడల మీద తెలుగులో 'చంద్రమండలంలో శవాలు' అని రాయించారట. "దాంట్ల చంద్రుడు లేనే లేడు సారూ. అప్పుడంత చంద్రుడి గోలే గదా, అందుకని రాసిన్రు." సీడీల కుర్రవాణ్ణి ఆ పేరుతో అడిగితే వాడు నవ్వేవాడు.

కథ నాకు చెప్పినప్పుడు మాత్రం కంత వెనకనుంచి బయటికొచ్చి చెప్పాడు.

"ఐదుగురు మొగోళ్లు పోతరు సారూ, ఒక పెద్ద ఇనుప డబ్బాల గూసోని. ఏదో గ్రహం. గాడ గాలి లేదు, నీళ్లు లేవు. ఒకని తర్వాత ఒకడు నలుగురు సస్తరు. ఐదోవాడు వాళ్లను బయట ఇసుకల బొంద పెట్టి వస్తడు. ఇగ ఒక్కడే. రేడియోల మాట్లాడ్తడు, ఎవ్వడు పల్కడు. గప్పుడు..."

గోడ మీద మూడుసార్లు వేళ్లతో కొట్టాడు.

"బయట్నుంచి తలుపు కొడ్తరు."

"ఎవరు?"

"ఎవరేంది సారూ? బయట ఉన్నదెవలు? తలుపుకు గుండ్రంగ చక్రం లెక్క ఇనుప పిడి ఉంటది. వాడు లేచి దాని మీద చెయ్యి ఏస్తడు. గంతే. చుక్క వడ్డది, రీలు మారింది. ఇగ నేను గోడ దిక్కు తిరిగిన."

"గోడ దిక్కెందుకు?"

అది వాళ్ల టాకీసు కాయిదా. ఆఖరి రీలు పెద్ద ఆపరేటరే నడపాలి. ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఆఖర్లో ఏదైనా తేడా వస్తే జనం సీట్లు చింపుతారు కాబట్టి ఆ బాధ్యత ఆయనది, ఆ మిషను ముందు చిన్న కిటికీ కూడా ఆయనదే. అసిస్టెంటు అప్పుడు వెనక గోడకు బిగించిన చక్రం దగ్గర నిలబడి, అయిపోయిన రీలును చేత్తో వెనక్కి చుట్టాలి. తర్వాతి ఆటకి మొదటి రీలు ఎక్కించాలి. అందుకని అసిస్టెంటుగా ఉన్న ఆ ఏళ్లలో కాకా ఏ సినిమా ముగింపూ చూడలేదు. మిగతావి తర్వాత ఎలాగో తెలుసుకున్నాడు. ఇది మాత్రం తెలియలేదు.

"కానీ జనం సప్పుడు వినవడేది సారూ. హాలు నిండ జనం ఒక్కసారి ఊపిరి వట్టెటోళ్లు. మా మిషన్ ఆగిందేమో అనిపించేది. చప్పట్లు లేవు, నవ్వుడు లేదు. చెప్పుల సప్పుడు గూడ మెల్లగనే. గేటు కాడ టికెట్లు చింపెటోన్ని అడిగిన, తలుపు తీసిండు అన్నడు. సమోసాలు అమ్మెటోన్ని అడిగిన, తియ్యలే, లోపల్నే సచ్చిండు అన్నడు. ఉస్తాద్‌ను అడిగిన. నువ్వు ఉస్తాద్ అయినంక సూడు పో అన్నడు."

ఆ సినిమా ఆఖరి రోజు సెలవు పెట్టి, టికెట్టు కొని, కింద సీట్లో కూర్చుని చూద్దామనుకున్నాడట. ఆరోజు పొద్దున్నే బంద్. అరవై తొమ్మిది గొడవలు. టాకీసుకు తాళం పడింది. తాళం తీసేసరికి రీళ్ల పెట్టెలు రైలెక్కి బొంబాయి వెళ్లిపోయాయి.

"ఆ సినిమా, తెలంగాణ, రెండూ అరవై తొమ్మిదిల్నే ఆగినయ్" అన్నాడు.

వాగు అవతలివాణ్ణి కాబట్టి నేను టీ తాగాను.

ఆ రోజే ఆయన అడిగాడు, "నువ్వు చెప్పు సారూ. సచ్చినోళ్లు తలుపు కొడితే తియ్యాలెనా, వద్దా?"

"చనిపోయినవాళ్లు తిరిగి రారు కాకా. వాళ్ల రూపంలో వచ్చేది మోసం. తీయకూడదు."

"మొన్న మీ అయ్యగారు ఏం చెప్పిండు? మీ దేవుడు తలుపు కాడ నిలవడి కొడ్తడని చెప్పలే?"

"చెప్పారు."

"ఆయన సచ్చి లేచినోడే గదా?"

నేను జవాబు చెప్పాను. వాక్యంలోంచి నాలుగైదు చోట్లు తీసి, తేడా ఏమిటో విడమరిచి చెప్పాను. ఆ జవాబు సరైనదే, ఈరోజూ అదే చెబుతాను. కానీ ఆయన అడిగింది ఆ ప్రశ్న కాదని తర్వాత క్షణంలోనే తెలిసింది.

"ఆట నడుస్తుంటే ఆపరేటర్ గది తలుపు తియ్యొద్దు. కాయిదా" అన్నాడు, టీ గ్లాసులోకి చూస్తూ. "నేను ఉస్తాద్ అయినంక సంగతి. మా ఇంటామె అన్నం డబ్బా తెచ్చినా మెట్ల మీద పెట్టి పోయేది, కొట్టేది కాదు. ఆ దినం కొట్టింది. మూడుసార్లు. చాయ్ తెచ్చెటోడు అనుకున్న. ఆఖరి రీలు మీదున్న. పరద వడ్డంక తీసి సూస్తే ఎవ్వలు లేరు. కడుపుల నొస్తున్నదని చెప్పనీకె వచ్చిందంట. తనే రిక్షా మాట్లాడుకోని దవాఖానకు వోయింది. మూడో దినం..."

లేచి కంత వెనక్కి వెళ్లి, "గా రాకెట్టు సూడు సారూ, చెంబు బోర్లిచ్చినట్టు లేదూ?" అన్నాడు.

నేను తెర వైపు చూడలేకపోయాను. గడియ పెట్టని ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాతి ఏడు ఒకరోజు సాయంత్రం కాకా పరుగులాంటి నడకతో మా ఇంటికొచ్చాడు. చేతిలో సీడీ. దాని కాగితం మసిపట్టి ఉంది, అక్షరాలు అలుక్కుపోయాయి. బొమ్మ మాత్రం తెలుస్తోంది. గుండ్రటి ఇనుప పిడి, దాని మీద ఒక చెయ్యి.

"దొరికింది సారూ. చౌరస్తాల కుప్పల అడుగున ఉండె."

ఇప్పుడే చూద్దామన్నాను. వద్దన్నాడు. అప్పటికి ఆయన రెండు కళ్లకీ పొర కమ్మింది. తర్వాతి వారం కంటి శిబిరంలో ఆపరేషను. "ఇన్నేండ్లు ఆగిన, ఇంకిన్ని దినాలు ఆగలేనా? కండ్లు సాఫ్ అయినంక సూస్త. నా ఇంటికి గడియ లేదు, ఎవడన్న కొంచవోతడు. నీ కాడ పెట్టు. నువ్వయితే పైలంగ ఉంచుతవు."

నేను దాన్ని నా బీరువాలో, వాక్యగ్రంథం పక్కన పెట్టాను.

ఆ వారంలోనే మా మందిరంలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. ఎక్కడినుంచో వచ్చిన దైవజనుడు మూడురోజులు మాట్లాడాడు. చివరి రోజు ఆదివారం, ఆరాధన అయ్యాక ఆవరణలో ఒక ఇనుప డ్రమ్ములో మంట వేశారు. అది మా సంఘంలో ఏటా ఉన్న ఆచారమే. ఎఫెసు పట్టణంలో విశ్వాసులు తమ మంత్రాల పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చినట్టు, ఎవరి ఇంట్లో ఉన్న కానివస్తువులు వాళ్లు తెచ్చి అందులో వేస్తారు. తాయెత్తులు, సిగరెట్ పెట్టెలు, సినిమా పాటల క్యాసెట్లు. ఆ సంవత్సరం నన్ను సంఘ పెద్దగా నిలబెట్టాలని అనుకుంటున్నారు. దైవజనుడు మాట్లాడుతూ, "నీ ఇంట్లో నీది కాని చీకటి ఒకటి దాచిపెట్టావు" అన్నాడు. ఆయన ఎవరిని ఉద్దేశించి అన్నాడో నాకు తెలియదు. నన్నే అన్నాడనిపించింది.

ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. నా భార్య చూసింది.

"అది ఆయనదండీ. మనది కాదు."

"ఆయన కోసమే."

"ఆయన వచ్చాక ఆయన్నే అడగండి."

అడిగితే ఇవ్వడని నాకు తెలుసు. అందుకే అడగకుండా తీసుకెళ్లాను. ఆ సినిమాయే ఆయన్ని చనిపోయిన భార్యకి కట్టేసిందనీ, ఆ ముడి తెగితే గానీ ఆయన ప్రభువు వైపు తిరగడనీ నమ్మాను. మనస్ఫూర్తిగా నమ్మాను. సీడీ మంటలో పడగానే ఆకులా ముడుచుకుంది, అంచుల్లో రంగులు మెరిశాయి. చుట్టూ పాట. నేనూ స్తోత్రం అన్నాను. ఆ క్షణంలో నాకు సంతోషంగానే ఉంది. అది దాచను.

నాలుగు రోజుల తర్వాత కాకా వచ్చాడు, నల్ల కళ్లద్దాలతో, శిబిరం నుంచి నేరుగా. గుమ్మంలో నిలబడి అద్దాలు పైకెత్తి నన్ను చూశాడు.

"అరె సారూ, నీ మొఖం మీద గిన్ని మచ్చలున్నయని తెల్వదు. మా సెల్లె ఎట్ల చేసుకున్నదో నిన్ను." లోపల నా భార్య నవ్వింది. "తియ్ సీడీ. ఇయ్యాల స్కూలు ఎగ్గొట్టు."

నేను చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమనడం కూడా మరిచిపోయి. లోపల నవ్వు ఆగిపోయింది.

ఆయన అద్దాలు దించుకున్నాడు. "కాల్తుంటే సూసినవా?" అన్నాడు.

"చూశాను."

"మొత్తం కాలిందా? సగం మిగల్లే గదా?"

"మొత్తం కాలింది కాకా."

"మంచిదే. సగం కాలింది చేతికొస్తే మస్తు బాధయితది. అతికించబుద్ధయితది." కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నేను గూడ ఒకసారి రీలు కాలవెట్టిన. మిషన్ల ఇరుక్కుంటే సూసుకోలే. పబ్లిక్ సీట్లు చింపిన్రు. మీరు పాటలు పాడిన్రు. గంతే ఫరక్."

క్షమించమన్నాను. ఆయన గుమ్మం దాటుతూ ఆగి, వేలు పైకి చూపించాడు. "పోనీ తియ్ సారూ. ఆఖరి రీలు ఎప్పుడైనా ఉస్తాద్‌దే."

ఎగతాళిగా అన్నాడో, నమ్మి అన్నాడో ఈనాటికీ తేల్చుకోలేను.

తర్వాతి ఆదివారం ఆయన మందిరానికి రాడనుకున్నాను. వచ్చాడు. తలుపు పక్కన ఎప్పటిలాగే నిలబడ్డాడు. "ఒప్పందం ఒప్పందమే" అన్నాడు. తిట్టి ఉంటే ప్రార్థన చేసుకుని తేలికపడేవాణ్ణేమో. ఆయన అలా వచ్చి నిలబడినన్ని ఆదివారాలూ నాకు పాట నోట్లోంచి సరిగా రాలేదు. సంఘ పెద్దగా ఉండలేనని పాస్టర్‌గారికి చెప్పేశాను. కారణం చెప్పలేదు.

ఇంకో సీడీ కోసం వెతికాను. ఉప్పల్ చౌరస్తా మొదలుకుని పీర్జాదిగూడ, మేడిపల్లి దాకా రోడ్డుపక్క బండ్లన్నీ అడిగాను. కాల్చేముందు ఆ ఇంగ్లీషు పేరు చదవడానికి కూడా ప్రయత్నించలేదు, నేను ఇంగ్లీషు టీచర్ని. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రాకెట్టు, శవాలు, తలుపు అని వెతికితే వందల సినిమాలు వచ్చాయి. బొమ్మ గుర్తు చెప్పి, నా ఫోను నంబరు చౌరస్తా కుర్రవాడి దగ్గర పెట్టాను.

ఏడాదిన్నర గడిచింది. ఏళ్ల తరబడి మిషను దీపాల్లో మండిన బొగ్గుకడ్డీల పొగ కాకా ఊపిరితిత్తుల్లో ఉంది. పెద్ద దవాఖానాలో చేర్చారు. ఒక శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అన్నకొడుకు మందులకని కిందికి వెళ్లాడు. వార్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. ముక్కుకి గొట్టం, మాట సన్నగా వస్తోంది.

"సారూ, నువ్వు సదువుకున్నోడివి. యాడనన్న తెల్సిందా? తీసిండా?"

తెలియదని చెప్పాలి. అదే నిజం. అబద్ధం ఆడకూడదని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాను, పిల్లలకి నేర్పుతున్నాను. ఆయన వేళ్లు దుప్పటిని పట్టుకుని ఉన్నాయి.

"తీశాడు కాకా."

"సూసినవా?"

"చూశాను."

"బయట ఎవలున్నరు?"

"ఆమె" అన్నాను.

కోడి కూసేలోపు ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి కథ ఏటా మా పిల్లలకి చెబుతాను. నావీ మూడు మాటలే.

ఆ కథలో ఆడమనిషి లేదు. ఐదుగురూ మగవాళ్లే. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు, ఆపరేషను చేయించుకున్న ఆ శుభ్రమైన కళ్లతో. మచ్చలన్నీ కనిపించి ఉంటాయి.

"గట్లనా?" అన్నాడు. తర్వాత, "మంచిగ తీసిన్రు" అన్నాడు.

కొంతసేపటికి ఆయన చూపు వార్డు కప్పు మీద కుడి మూలకు వెళ్లింది. కుడిచెయ్యి దుప్పటిలోంచి కొంచెం లేచింది. దుప్పటి కింద ఎడమకాలు నొక్కడం నేను చూశాను. సాయంత్రానికి పోయాడు.

వాళ్ల పద్ధతిలోనే దహనం చేశారు. నేను దూరంగా నిలబడి చూశాను, మొత్తం కాలేదాకా. ఆయన ప్రభువుని ఒప్పుకోలేదు. దాని అర్థం ఏమిటో వాక్యం తెలిసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఆ సంగతి తలుచుకుని ఏడ్చిన ప్రార్థనలు చాలా ఉన్నాయి. నేను ఆడిన అబద్ధాన్ని కూడా దేవుని ముందు ఒప్పుకున్నాను. పశ్చాత్తాపపడమని అడిగితే మాత్రం, సీడీ కాల్చినందుకు పడినంతగా దాని గురించి పడలేకపోతున్నాను.

కిందటి నెల చౌరస్తా కుర్రవాడు ఫోను చేశాడు. ఇప్పుడు వాడు కుర్రవాడు కాదు, మెట్రో స్తంభాల పనుల్లో బండి పోయి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. పాత సరుకు సర్దుతుంటే దొరికిందన్నాడు. వెళ్లి తెచ్చుకున్నాను. అదే గుండ్రటి పిడి, అదే చెయ్యి. దారిపొడుగునా డప్పులు మోగుతున్నాయి, ఇంకో వారంలో తెలంగాణ రాష్ట్రం వస్తోందని. కాకా ఉంటే ఆ గుంపులో నిలబడేవాడు కాదు. ఏ దుకాణం కిటికీలోంచో ఒక కన్నుతో చూసేవాడు.

సీడీ ఇప్పుడు నా బీరువాలో ఉంది, పోయినసారి పెట్టినచోటే. వర్షాలు మొదలయ్యేలోపు మా సంఘంలో కూటాలున్నాయి, డ్రమ్ము వెలిగిస్తారు. ఈసారి నా చేతులు ఖాళీగా వెళతాయి. దాన్ని పెట్టి చూడండి, తెలిసిపోతుంది కదా అని నా భార్య అంటుంది. చివరి ఇరవై నిమిషాలు చూస్తే నేను ఆరోజు చెప్పినదాంట్లో మొదటి మాటైనా నిజమో కాదో తేలిపోతుంది.

చూడను. ఆఖరి రీలు ఉస్తాద్‌ది.